కంపెనీ మూతపడినా పనిచేసే గ్యాడ్జెట్: పాత సింగిల్ ఎడ్జ్ రేజర్‌పై నా మాట

ట్రిమ్మర్ రివ్యూ ఏది తీసుకున్నా బ్యాటరీ ఎన్ని నిమిషాలు, లెంగ్త్ సెట్టింగ్‌లు ఎన్ని, టైప్-సి ఉందా లేదా అన్న దగ్గరే ఆగిపోతుంది. రెండేళ్ల తర్వాత హెడ్ అరిగిపోతే కొత్తది విజయవాడలో దొరుకుతుందా అని ఎవరూ రాయరు. నా దగ్గరున్న ఒక ట్రిమ్మర్‌కి ప్రస్తుతం అదే సమస్య. మోటార్ బాగుంది, బ్యాటరీ బాగుంది, ఆ మోడల్ హెడ్ మాత్రం తయారీ ఆపేశారు. గవర్నర్‌పేటలో నాలుగు షాపులు తిరిగాను, ఆన్‌లైన్‌లో వెతికాను, లేదు. బ్రాండ్ పేరు చెప్పను, ఎందుకంటే ఏ బ్రాండ్ పేరు పెట్టినా ఈ కథ సరిపోతుంది.

అదే అరలో పక్కన ఇంకో రెండు వస్తువులున్నాయి. ఒకటి అమెరికాలో తయారైన జెమ్ మైక్రోమాటిక్. రెండోది మా తాతయ్య వాడిన రోల్స్ రేజర్, లండన్ సరుకు. రెండూ సింగిల్ ఎడ్జ్ సేఫ్టీ రేజర్లు, అంటే బ్లేడుకి ఒకవైపే పదును, ముందు చర్మాన్ని కాపాడే గార్డ్. రెండూ మా నాన్న కంటే వయసులో పెద్దవి. రెండిటితోనూ ఈ నెలలో గడ్డం గీసుకున్నాను.

పాత వస్తువులంటే మోజు ఉన్నవాళ్ల గ్రూపులు చాలా ఉన్నాయి, నేను ఆ టైపు కాదు. క్యాసెట్లు, రీల్ కెమెరాలు మళ్లీ వస్తున్నాయంటే నాకేమీ అనిపించదు. ఈ రేజర్లు నాకు నచ్చిన కారణం వేరే. ఒక గ్యాడ్జెట్ ఎంతకాలం బతుకుతుందో దాని బాడీ డిసైడ్ చెయ్యదు. అందులో అరిగిపోయే భాగం ఎవరి చేతిలో ఉందో అది డిసైడ్ చేస్తుంది. ఫోన్‌లో బ్యాటరీ, ఇయర్‌బడ్స్‌లో బ్యాటరీ, ప్రింటర్‌లో ఇంకు, రేజర్‌లో బ్లేడు. ఈ విషయం రేజర్లలో కనిపించినంత స్పష్టంగా ఇంకెక్కడా కనిపించదు, ఎందుకంటే ఇక్కడ 140 ఏళ్లకు పైగా రికార్డు ఉంది.

కొంచెం హిస్టరీ చెప్పాలి, బోర్ కొట్టదు. 1880లో న్యూయార్క్‌లో కాంఫె సోదరులు సేఫ్టీ రేజర్‌కి పేటెంట్ తీసుకున్నారు. వాళ్ల బ్లేడు మన క్షౌర కత్తిలోంచి ఒక ముక్క కోసినట్టు ఉండేది, మందంగా, ఒకవైపే పదునుతో. మొద్దుబారితే మళ్లీ నూరుకోవాలి. తర్వాత జిలెట్ వచ్చాడు. పల్చటి ఉక్కు రేకు, రెండువైపులా పదును, అరిగితే పారెయ్యడమే. 1903లో అమ్మకం మొదలైనప్పుడు మొదటి ఏడాది పోయినవి 51 రేజర్లు. 1904లో పేటెంట్ వచ్చింది, ఆ తర్వాత కథ మారిపోయింది.

"రేజర్ చవగ్గా ఇచ్చి బ్లేడ్ల మీద సంపాదించు" అనే బిజినెస్ మోడల్‌ని జిలెట్ కనిపెట్టాడని ప్రతి స్టార్టప్ స్పీచ్‌లో వింటుంటాం. పేటెంట్ చేతిలో ఉన్నంతకాలం ఆయన కంపెనీ రేజర్‌ని 5 డాలర్లకి అమ్మింది, అప్పట్లో అది చాలా ఖరీదు. రేటు దిగింది 1921లో పేటెంట్ అయిపోయాక. అప్పుడు ఎవడైనా ఆ సైజు బ్లేడు చెయ్యొచ్చు, చేశారు కూడా. 1930 నాటికి హెన్రీ గైస్‌మన్ అనే ఆయన కంపెనీ చేసిన ప్రోబాక్ బ్లేడుకీ, జిలెట్ కొత్త బ్లేడుకీ మధ్య పేటెంట్ గొడవ కోర్టు దాకా వెళ్లి, చివరికి రెండు కంపెనీలూ కలిసిపోయాయి. ఈ రోజు మన బ్లేడు మధ్యలో కనిపించే ఆ పొడుగాటి రంధ్రం ఆ కాలం నాటిదే. దాని వల్ల జరిగిన మంచి ఏంటంటే, ఇవాళ కిరాణా కొట్టులో కొన్న టోపాజ్ బ్లేడు 1904 నాటి జిలెట్ రేజర్‌లో కూడా కూర్చుంటుంది. బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ అంటే అదీ. మనం యూఎస్‌బీ-సి కోసం యూరప్ చట్టం చేసేదాకా ఆగాం.

సింగిల్ ఎడ్జ్ రేజర్లకి ఆ అదృష్టం పట్టలేదు. వాటిలో ఒక్కో కంపెనీది ఒక్కో ఫార్మాట్. జెమ్‌కి ఒక బ్లేడు, వ్యాలెట్ ఆటోస్ట్రాప్‌కి ఇంకొకటి, షిక్ ఇంజెక్టర్‌కి మరొకటి. అందుకే అవి ఓడిపోయాయి. గీసుకోవడంలో మాత్రం ఓడిపోలేదు, అది చెప్పి తీరాలి.

మందం సంగతి

మనం వాడే మామూలు డబుల్ ఎడ్జ్ బ్లేడు మందం 0.1 మి.మీ. జెమ్ బ్లేడు 0.23 మి.మీ., వెనక వీపులా మడత కూడా ఉంటుంది. వినడానికి ఏముందిలే అనిపిస్తుంది. కానీ రెండు రెట్లకు పైగా మందం ఉన్న రేకు గట్టి గడ్డానికి తగిలినప్పుడు వంగదు, వణకదు. మూడు రోజుల గడ్డం మీద పల్చటి బ్లేడు చిన్నగా అదురుతుంది, అందుకే ఒకే చోట రెండు మూడు సార్లు గీస్తాం, అందుకే మెడ దగ్గర ఎర్రగా దద్దుర్లు. జెమ్‌తో నాకు ఒక్కసారి చాలు.

వాడే పద్ధతి వేరు. కింద ఉన్న నాబ్ తిప్పితే తల తెరుచుకుంటుంది, బ్లేడు జారవిడిచి మళ్లీ తిప్పాలి. 1930ల నాటి డిజైన్, ఎక్కడా వదులు లేదు. తలని చెంపకి దాదాపు ఫ్లాట్‌గా ఆనించి, బరువు పెట్టకుండా కిందికి లాగాలి. కార్ట్రిడ్జ్ అలవాటు ఉన్నవాళ్లు నొక్కుతారు, నొక్కితే తెగుతుంది. ఇంకో విషయం, దీనికి సౌండ్ ఉంది. వెంట్రుక తెగుతున్నప్పుడు గరగరమని బాగా వినిపిస్తుంది. యాంగిల్ తప్పితే సౌండ్ ఆగిపోతుంది. ఫోన్లలో హ్యాప్టిక్ ఫీడ్‌బ్యాక్ గురించి మనం పేరాలు రాస్తాం కదా, ఇది మోటార్ లేకుండా వచ్చే ఫీడ్‌బ్యాక్.

ఈ జెమ్ నాకు ఎలా వచ్చిందంటే, న్యూజెర్సీలో ఉండే బావ ఒక పాత సామాన్ల షాపులో కొని, బ్లేడు ప్యాకెట్లతో సహా చెకిన్ బ్యాగ్‌లో పెట్టుకొచ్చాడు. అత్తయ్య మాత్రం "అమెరికా నుంచి వస్తూ ఎవరైనా ఐఫోన్ తెస్తారు గానీ గడ్డం గీసుకునేది తెస్తారా" అంది. న్యాయమైన ప్రశ్నే. పైన నికెల్ పూత ఊడి ఇత్తడి బయటపడింది. బందరు వెళ్లినప్పుడు పోతేపల్లి వైపు గిల్టు నగలు చేసే ఒక యూనిట్‌లో చూపించాను. అక్కడ పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పి, నాబ్ రెండుసార్లు తిప్పి చూసి, "ఇత్తడేగా బాబూ, గొలుసైతే ఏంటి, ఇదైతే ఏంటి. బంగారం పూత వెయ్యమంటారా, మామూలుదా?" అన్నారు. మామూలుదే వేయించాను. బందరు రోల్డుగోల్డు చేతులకి ఇది అరగంట పని. హ్యాండిల్ విరిగినా మన ఆటోనగర్‌లో లేత్ ఉన్న ఏ షాపులోనైనా కొత్తది తిప్పించుకోవచ్చు. నా ట్రిమ్మర్ హెడ్‌ని ఆటోనగర్ మొత్తం కలిసినా చెయ్యలేదు.

అయితే ఇక్కడే జెమ్ అసలు బలహీనత ఉంది. బాడీ వందేళ్లు ఉంటుంది, బ్లేడు విజయవాడలో దొరకదు. బీసెంట్ రోడ్డులో లేదు, కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల లేదు, సెలూన్ సామాన్లు అమ్మే హోల్‌సేల్ షాపులో అడిగితే "అలాంటిది ఎప్పుడూ చూళ్లేదు సార్" అన్నారు. అంటే నా షేవింగ్ మొత్తం బావ లగేజీ మీద ఆధారపడి ఉంది. ఒక్క సప్లయర్, ఒక్క రూట్, బ్యాకప్ లేదు. ఆఫీసులో ఇలాంటి డిజైన్ చూపిస్తే రివ్యూలోనే కొట్టేస్తారు.

ఒక హెచ్చరిక. కార్లకి సన్‌ఫిల్మ్ వేసే షాపుల్లో అద్దం గీకడానికి ఒకవైపు పదునున్న, వెనక వీపున్న బ్లేడ్లు వాడతారు. చూడ్డానికి జెమ్ బ్లేడులాగే ఉంటాయి. అవి అద్దం కోసం, స్టిక్కర్ల కోసం పదును పెట్టినవి, మొహం కోసం కాదు. రేజర్‌లో పట్టినా సరే, వద్దు. డబుల్ ఎడ్జ్ బ్లేడుని సగానికి విరిచి జెమ్‌లో పెట్టే ఐడియా కూడా వద్దు, 0.23 కోసం చేసిన గాడిలో 0.1 రేకు నిలవదు.

రోల్స్ రేజర్ ఈ సమస్యని ఇంకోలా తేల్చింది. బ్లేడు కొనే పనే లేకుండా చేసింది. అది ఒక లోహపు పెట్టె. ఒక మూత లోపల తోలు, ఇంకో మూత లోపల సాన రాయి. తోలు మూత పెట్టి, లోపల ఉన్న పిడిని ముందుకీ వెనక్కీ తోస్తే బ్లేడు తోలు మీద రాసుకుంటూ వెళ్లి, ప్రతి చివరా దానంతట అదే తిరగబడుతుంది. టకటక సౌండ్. మా అమ్మ చిన్నప్పుడు ఆ సౌండ్ వినే తాతయ్య బయల్దేరుతున్నారని తెలిసేదట. గీసుకునే ముందు రోజూ తోలు మీద ఒక నిమిషం, ఎప్పుడో పదును పూర్తిగా పోతే రాయి మీద. ఆ తర్వాత బ్లేడు తీసి హ్యాండిల్‌కి తగిలించి గీసుకోవడమే. ఛార్జింగ్ కేసు ఐడియా ఇయర్‌బడ్స్‌ది అనుకుంటాం గానీ, కేసులో పెడితే వస్తువు మళ్లీ రెడీ అవడం అనేది 1920ల చివర్లోనే ఉంది.

ఆ కంపెనీకి ఏమైందో తెలిస్తే నవ్వొస్తుంది, జాలి కూడా వేస్తుంది. పారేసే బ్లేడ్ల ముందు నిలబడలేక, చివరికి జాన్ బ్లూమ్ అనే వ్యాపారి చేతిలో వాషింగ్ మెషిన్లు అమ్మే కంపెనీగా మారి, 1964లో దివాలా తీసింది. అరిగిపోని బ్లేడు అమ్మినవాడికి రెండో అమ్మకం ఉండదు, అది నిజం. కానీ కొన్నవాడి వైపు నుంచి చూడండి. కంపెనీ పోయి 60 ఏళ్లు దాటింది, అవనిగడ్డ దగ్గర పల్లెటూళ్లో బీరువాలో ఉన్న పెట్టెకి ఆ వార్త చేరలేదు. సపోర్ట్ ఎండ్ డేట్ లేదు దానికి.

మన డెల్టాకి తగ్గ ఇబ్బంది మాత్రం ఉంది. రోల్స్ బ్లేడు కార్బన్ స్టీలు. సముద్రం దగ్గర గాలికి రెండు రోజులు తడిగా వదిలేస్తే తుప్పు చుక్కలు వస్తాయి. గీసుకున్న వెంటనే తుడిచి, ఆరబెట్టి, ఒక చుక్క కొబ్బరినూనె రాయాలి. రెండోది నీళ్లు. నాగాయలంక, కోడూరు, బందరు వైపు చాలా చోట్ల బోరు నీళ్లు ఉప్పు. ఆ నీళ్లకి సబ్బు సరిగ్గా నురగ రాదు, నురగ లేకుండా ఏ రేజర్ అయినా మంటే. కాలవ నీళ్లో, మంచి నీళ్లో ఒక గ్లాసు పక్కన పెట్టుకుంటే చాలు. సింగిల్ ఎడ్జ్‌కి ఇక్కడో ప్లస్ ఉంది. గ్లాసులో ఒకసారి ఊపితే వెంట్రుకలు వదిలేస్తుంది. నాలుగైదు బ్లేడ్ల కార్ట్రిడ్జ్‌కి ట్యాప్ ధారగా కావాలి.

ఈ గ్లాసు నీళ్ల సంగతి ఒక పెద్ద కంపెనీకి చాలా ఖరీదైన పాఠం. జిలెట్ 2002లో ఇండియా కోసం వెక్టర్ అనే రేజర్ తెచ్చింది. తేవడానికి ముందు టెస్ట్ చేసింది, కానీ అమెరికాలో ఎంఐటీలో చదివే భారతీయ విద్యార్థులతో. వాళ్ల హాస్టల్లో ట్యాప్ తిప్పితే నీళ్లు. ఇక్కడ జనం గ్లాసులో ముంచి గీసుకుంటున్నారు, వెంట్రుకలు ఇరుక్కుపోయాయి. టెస్ట్ ఎన్విరాన్‌మెంట్‌లో పాసై ప్రొడక్షన్‌లో పడిపోయే బగ్ ఇదే. తర్వాత ఇండియాలోనే ఇళ్లకి వెళ్లి, కూర్చుని, చూసి, 2010లో గార్డ్ తెచ్చారు. రేజర్ 15 రూపాయలు, కార్ట్రిడ్జ్ 5 రూపాయలు అప్పట్లో. అందులో బ్లేడు ఎన్నో చూశారా? ఒకటే. మూడు, ఐదు బ్లేడ్లంటూ లెక్క పెంచుకుంటూ పోయిన కంపెనీ మన దగ్గరికొచ్చి మళ్లీ ఒకటికి దిగింది. డిజైన్‌గా నాకు చాలా ఇష్టం. కానీ ఫార్మాట్ వాళ్లది. ఆ కార్ట్రిడ్జ్ ఆపేసిన రోజు హ్యాండిల్ బొమ్మ అయిపోతుంది.

సగం బ్లేడు

మన ఊళ్లో అసలైన సింగిల్ ఎడ్జ్ ఎక్కడుందో ఇప్పటిదాకా చెప్పలేదు. మీ వీధి చివర సెలూన్‌లో ఉంది. ఆయన కొత్త బ్లేడు కాగితంతో సహా మధ్యకి విరిచి, ఒక ముక్క కత్తిలో పెట్టి, రెండో ముక్క కాగితంలోనే తర్వాతి మనిషి కోసం పక్కన పెడతాడు. దాన్ని ఇప్పటికీ కత్తి అనే అంటారు. కొండ మీద దుర్గమ్మకి మొక్కు తీర్చుకునేవాళ్లకి కేశఖండనశాలలో తలనీలాలు తీసే కత్తి కూడా ఈ రకమే.

దీనికి ముందు నిజమైన కత్తే ఉండేది. పొదిలో కత్తి, సాన, తోలు, పటిక పెట్టుకుని నాయీ బ్రాహ్మణులు ఇంటింటికీ వచ్చి చేసేవాళ్లు. డబ్బులు కాదు, ఏడాదికోసారి కళ్లంలో మేరగా ధాన్యం. మా ఫ్రెండ్ ఒకడు దీన్ని "ఒరిజినల్ సబ్‌స్క్రిప్షన్ మోడల్" అన్నాడు. బాగానే ఉంది గానీ, ఆ సబ్‌స్క్రిప్షన్‌లో పనిచేసేవాడికి క్యాన్సిల్ బటన్ ఉండేది కాదు, పుట్టుకతోనే సైనప్ అయిపోయేది. ఆ కాలాన్ని తలుచుకుని మురిసిపోవడానికి నాకేమీ కనిపించదు. ఒకే కత్తి అందరి మొహాల మీదా నడిచేది కూడా. హెచ్‌ఐవీ, హెపటైటిస్-బి గురించి ప్రచారం జరిగాక "కొత్త బ్లేడు వెయ్యి" అని అడగడం మామూలైపోయింది, సగం బ్లేడు కత్తి అందుకే నిలబడింది. ఎవరూ లాంచ్ ఈవెంట్ పెట్టలేదు. మార్కెట్‌లో అన్నిటికంటే చవగ్గా, ప్రతి కొట్టులో దొరికే ఫార్మాట్ తీసుకుని, దాన్ని సగం చేసి, ఒక మనిషికి ఒక కొత్త అంచు ఇచ్చారు. జెమ్, వ్యాలెట్ లాంటివి చెయ్యలేని పని అది. ఓపెన్ ఫార్మాట్ మీద ఎక్కారు, నిలబడ్డారు.

ఇది చదివి రేపే సెలూన్ కత్తి కొనుక్కోవద్దు. దానికి గార్డ్ ఉండదు, కాబట్టి అది సేఫ్టీ రేజర్ కాదు. ఎదుటి మనిషి మొహం మీద వాడటం ఆయనకి ఏళ్ల విద్య. అద్దంలో చూసుకుంటూ మీ గొంతు మీద మీరు నేర్చుకోవాల్సింది కాదు.

మరి కొనాలా? కార్ట్రిడ్జ్ ఖర్చు తగ్గించుకోవడమే మీ లెక్క అయితే, మామూలు డబుల్ ఎడ్జ్ సేఫ్టీ రేజర్ కొనండి, బ్లేడ్లు ఏ ఊరి కొట్టులోనైనా ఉంటాయి, చర్చ అయిపోయింది. గడ్డం గరుకు, మెడ మీద దద్దుర్లు అనేవాళ్లకి జెమ్ నిజంగా తేడా చూపిస్తుంది, కానీ మీకూ ఒక బావ ఉండాలి. లేదా ఏడాదికి సరిపడా బ్లేడ్లు ఒకేసారి తెప్పించుకునే ఓపిక ఉండాలి, షిప్పింగ్, కస్టమ్స్ కలిపితే రేజర్ రేటు దాటిపోయే అవకాశం ఉంది. ఇప్పుడు విదేశీ కంపెనీలు కొత్తగా అమ్ముతున్న ప్రీమియం సింగిల్ ఎడ్జ్‌ల మీద నా అభిప్రాయం అడిగితే, వాటిలో కొన్ని మామూలు బ్లేడు సగమే తీసుకుంటాయి, అవి ఓకే. సొంత బ్లేడు మాత్రమే పట్టేవి ఎంత బాగా గీసినా నేను రికమెండ్ చెయ్యను. ట్రిమ్మర్ హెడ్ దగ్గర తగిలిన దెబ్బే అక్కడా తగులుతుంది.

వాడేసిన బ్లేడు సంగతి కూడా చూసుకోండి. చెత్తబుట్టలో వెయ్యొద్దు. మన ఇళ్ల నుంచి చెత్త తీసుకెళ్లే మున్సిపల్ కార్మికులు తడి, పొడి వేరు చేసేది చాలాసార్లు చేత్తోనే. పాలపొడి డబ్బా మూతకి సన్నగా ఒక గాటు పెట్టి అందులో వేస్తూ పోతే కొన్నేళ్లు నిండదు. నిండాక మూత చుట్టూ టేపు వేసి, లోపల బ్లేడ్లున్నాయని చెప్పి పాత ఇనుము కొనేవాళ్లకి ఇవ్వండి.

పాత రేజర్ ఎవరిదో కొంటున్నారంటే, లోహపు భాగాల్ని డిష్ సోప్‌తో, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది 20 నిమిషాలు మరిగే నీళ్లలో ఉంచి, వెంటనే ఆరబెట్టాలి. రోల్స్ తోలు మూత నీళ్లలో పెట్టకూడదు, పాడైపోతుంది. ఆన్‌లైన్‌లో రోల్స్ చూస్తుంటే మూడు ఫోటోలు అడగండి: సాన రాయి పగిలిందా, తోలు ఎండి బీటలు వారిందా, బ్లేడు అంచున తుప్పు గుంటలున్నాయా. బ్లేడు లేకుండా అమ్మే రోల్స్ పెట్టెలు కూడా కనిపిస్తాయి, రేటు తక్కువగా ఉంటుంది. వాటి జోలికి పోవద్దు, ఆ బ్లేడు ఇప్పుడు ఇంకో పాత పెట్టెలోంచి రావాల్సిందే.